ఏరు దాటాక

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఈ సామెత చెప్పినప్పుడల్లా మల్లయ్యకు జరిగిన అన్యాయం గురించే మాట్లాడుకుంటాం. ఆయన ఓడ ఏమైందని ఎవరూ అడగరు. ఏమవుతుంది? గట్టు మీద బోర్లాపడి ఉంటుంది. రెండు వానాకాలాలు గడిస్తే పలకల సందుల్లో గడ్డి మొలుస్తుంది. మూడో ఏట దాని కింద కోళ్లు పొదుగుతాయి. నాలుగో ఏట ఎవరింటి పొయ్యిలోకో పోతుంది.

సముద్రానికి దాదాపు మూడువందల కిలోమీటర్ల దూరాన, తొమ్మిదివందల మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో కూర్చుని ఈ ఓడల గోల ఏమిటని అడగవచ్చు. హలసూరు చెరువు గట్టున పొద్దున్నే నడిచేవాళ్లు మాత్రం అడగరు. చెరువుకు ఆనుకునే మద్రాస్ సాపర్స్ అనే సైనిక ఇంజనీర్ల కేంద్రం ఉంది. అక్కడి తెరచాప పడవల క్లబ్బు పేరు తృష్ణ. పిల్లలు పాఠం మొదలుపెట్టేది ఆప్టిమిస్ట్ అనే బుల్లి పడవలో. పొడవు ఎనిమిది అడుగులైనా ఉండదు. మూతలేని పెట్టెకు ఓ కర్ర నాటి, దానికి దుప్పటి కట్టినట్టుంటుంది. మొన్నామధ్య ఓ ఉదయం అలాంటి పడవలో ఓ కుర్రాడు చుక్కాని వదిలేసి, పైభాగం కోసేసిన ప్లాస్టిక్ డబ్బాతో లోపలి నీళ్లు తోడి పోస్తున్నాడు. ఈలోగా గాలి మళ్లింది. తెరచాప ఫట్‌మని అటునుంచి ఇటు వచ్చింది. వాడు తల వంచాడు, డబ్బా నీళ్లపాలైంది. గట్టు మీది పెద్దమనిషి ఒకరు నడక ఆపి నవ్వారు. కుర్రాడు నవ్వలేదు. డబ్బా కోసం పడవ మళ్లించడానికి వాడికి నాలుగు వంకర్లు తిరగాల్సి వచ్చింది.

తృష్ణ అన్నది ఉత్త పేరు కాదు. భారత సైన్యపు ఇంజనీర్ల దళం నడిపిన 37 అడుగుల తెరచాప పడవది ఆ పేరు. బ్రిటన్‌లో కొన్నారు. కొనేనాటికే అది ఒకరు వాడిన పడవ. 1985 సెప్టెంబరు 28న ఇంగ్లండులో బయల్దేరి, భూగోళం చుట్టి, 1987 జనవరి 10న బొంబాయిలో ఆగింది. పడవలో ప్రపంచాన్ని చుట్టిన తొలి భారతీయ బృందం అదే. మన ఇళ్లలో సెకండ్ హ్యాండ్ స్కూటరుకే సవాలక్ష సందేహాలు. ఆ అధికారులు సెకండ్ హ్యాండ్ పడవెక్కి మహాసముద్రాలు దాటారు. పాత పడవ అమ్మేవాడి కంటే కొనేవాడికే దాని గురించి ఎక్కువ తెలియాలి. ఎక్కడ కారుతుందో, ఏ మేకు వదులైందో, ఏ తాడు ఎండకు పెళుసుబారిందో చేత్తో తడిమి చూసుకోవాలి. అలా తడుముతూ తడుముతూ, పడవ బాగయ్యేలోపు మనిషి నావికుడవుతాడు.

ఈ మాటకు సాక్ష్యంగా మన దేశంలో పుట్టిన ఇంకో పడవ ఉంది. పేరు సుహైలీ. అరేబియా గల్ఫులో నావికులు ఆగ్నేయపు గాలికి పెట్టుకున్న పేరది. 1960ల మొదట్లో బొంబాయి కొలాబాలో మన వడ్రంగులు బాడిశలతో, చేతి బర్మాలతో టేకు దుంగలు చెక్కి కట్టారు. పొడవు 32 అడుగులు. కట్టించుకున్నది రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అనే యువ నావికాధికారి. 1968 జూన్ 14న ఇంగ్లండులోని ఫాల్మత్ నుంచి ఒంటరిగా బయల్దేరి, ఎక్కడా రేవు పట్టకుండా ప్రపంచం చుట్టి, 312 రోజులకు 1969 ఏప్రిల్ 22న మళ్లీ అక్కడికే వచ్చాడు. ఆ యాత్ర ఒక పోటీలో భాగం. దానికి దిగినవాళ్లు తొమ్మిదిమంది. పూర్తి చేసింది ఈయనొక్కడే.

ఆ ప్రయాణం మొదట్లోనే ఓ ముచ్చట జరిగింది. నడిసముద్రంలో పడవ అడుగున పలకల మధ్య సందు పడి నీళ్లు ఊరడం మొదలైంది. నీళ్లలో మునిగి సందులో దూది నార దోపి చూశాడు, నిలవలేదు. పైకొచ్చి గుడ్డపట్టీ మీద ఆ నారను కుట్టి, తారు పూసి, మళ్లీ దిగి, ఊపిరి బిగబట్టినంతసేపు ఒకటో రెండో చిన్న మేకులు కొట్టి, పైకి తేలి, మళ్లీ మునిగి, ఆ పట్టీని సందు మీద బిగించాడు. దాని మీద రాగిరేకు తాపడం. ఈ పని మధ్యలో సొరచేప ఒకటి చుట్టూ తిరగసాగింది. పడవెక్కి, తుపాకీ తీసి దాన్ని కాల్చి, మరో సొరచేప రాదని నమ్మకం కుదిరాక మిగతా మేకులు కొట్టడానికి దిగాడు. మరమ్మతు అంటే మనకు పేచీ, వాయిదా, ‘రేపు రండి సార్’. అక్కడ రేపు అనేది లేదు.

అంత చేసిన పడవకు ఆ తర్వాత పట్టిన గతే విచిత్రం. గ్రీనిచ్ మ్యూజియంలో పెట్టారు. అద్దంలాంటి నేల, మంచి వెలుతురు, తేమ లేని గాలి, చుట్టూ భక్తిగా చూసే జనం. పడవకు అంతకంటే గౌరవం ఏముంటుంది? ఆ పొడిగాలికే పలకలు ముడుచుకుపోయాయి. మహాసముద్రపు తుపానులు విడదీయలేని టేకు పలకల మధ్య మ్యూజియం సందులు తెచ్చింది.

ఇందులో వింత ఏమీ లేదని మన రైతుకు తెలుసు. ఎండాకాలంలో వాడకుండా వదిలేసిన బండి చక్రం ఎండి, ఇనుప పట్టా వదులవుతుంది. దాన్ని తీసుకెళ్లి చెరువులో నానబెడతాడు. చెక్క ఉబ్బుతుంది, పట్టా బిగుస్తుంది. ఓడలు బండ్లవుతాయో లేదో గానీ, ఆరబెడితే రెండింటి కీళ్లూ ఒకేలా సడలుతాయి. కొయ్యతెప్పది మళ్లీ వేరే న్యాయం. అది నీళ్లు పీల్చి బరువెక్కుతుంది కాబట్టి వేట నుంచి రాగానే జాలరి కట్లు విప్పి దుంగల్ని ఇసుకలో ఆరేస్తాడు. ఏది నానాలో ఏది ఆరాలో తెలియడమే పని తెలియడం.

నాక్స్-జాన్‌స్టన్ 2002లో సుహైలీని మ్యూజియం నుంచి బయటికి తెచ్చుకున్నాడు. తుప్పు పట్టిన పాత మేకులు పీకి కొత్తవి దిగ్గొట్టి, విడిన చోటల్లా బిగించి మళ్లీ నీళ్లలోకి దించాడు. ఏళ్లు పట్టిన పని. 2018 జూన్‌లో, యాత్ర మొదలై సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజున ఫాల్మత్ రేవులో సుహైలీ తెరచాపలెత్తింది. ఆయనకప్పుడు 79 ఏళ్లు. ‘ఈ వయసులో ఎందుకండీ’ అని మన దగ్గరైతే పదిమంది పట్టి కూర్చోబెట్టేవాళ్లు.

అదే ఏడు ఆ పాత పోటీని పాత పద్ధతిలోనే మళ్లీ పెట్టారు. మన నౌకాదళపు అభిలాష్ టోమీ సుహైలీ నమూనాలోనే గోవాలో కట్టిన ‘తురీయ’లో వెళ్లాడు. సెప్టెంబరు 21న హిందూ మహాసముద్రం దక్షిణాన తుపాను తెరచాప స్తంభాన్ని విరిచేసింది, అతని వెన్నెముకనూ విరిచింది. మూడు రోజులు పడవలోనే కదల్లేక పడి ఉన్నాడు. ఫ్రెంచి నౌక కాపాడింది. చివరకు మన యుద్ధనౌక తీసుకొచ్చి దించింది విశాఖపట్నంలోనే. తురీయను సముద్రంలో వదిలేయక తప్పలేదు. అతని వెన్నుకు శస్త్రచికిత్స చేసి టైటానియం కడ్డీలు బిగించారు. నిర్లక్ష్యానికి గురైన పడవను బాగుచేసిన కథలు చాలా ఉన్నాయి. ఇక్కడ ముందు బాగుచేయాల్సి వచ్చింది నావికుణ్ని. 2022 సెప్టెంబరులో అతను వేరే పడవలో అదే పోటీకి మళ్లీ బయల్దేరాడు. దారిలో చుక్కానిని తానంతట తాను నడిపే పరికరం చెడిపోతే, మరుగుదొడ్డి తలుపు కోసి దాని ముక్కతో సరిచేసుకున్నాడు. 236 రోజులకు, 2023 ఏప్రిల్ 29న రెండో స్థానంలో ఒడ్డు చేరాడు. గెలిచింది దక్షిణాఫ్రికా నావికురాలు కిర్‌స్టెన్ నాయ్‌షేఫర్.

తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకునే ‘తారిణి’ పడవ కూడా ఒక యాత్రతో అలసిపోలేదు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, ఆరుగురు నౌకాదళ మహిళలతో 254 రోజుల్లో లోకం చుట్టి వచ్చింది. ఆ ఆరుగురిలో విశాఖ స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య మనవాళ్లు. తిరుగు దారిలో చుక్కాని యంత్రాంగం మొరాయిస్తే అనుకోకుండా మారిషస్‌లో ఆగి బాగుచేయించుకున్నారు. సన్మానాలయ్యాక తారిణికి దండేసి ఎక్కడో నిలబెట్టెయ్యవచ్చు. అలా చేయలేదు. 2024 అక్టోబరు 2న దిల్నా, రూప అనే ఇద్దరు అధికారిణులు అదే పడవలో మళ్లీ బయల్దేరి, 2025 మే 29న తిరిగొచ్చారు.

పాత పడవను బాగుచేసి మళ్లీ నీళ్లలోకి దించడాన్ని మన తీరంలో ఎవరూ సాహసం అనరు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం. ఆ రెండు నెలలు విశాఖ, కాకినాడ రేవుల్లో సుత్తుల మోతే మోత. పాత రంగు గీకుతారు, పుచ్చిన పలక మారుస్తారు, వలలు అల్లుతారు. ఒకప్పుడు కోరంగి, తాళ్లరేవుల్లో ఓడలు కట్టిన చేతుల ఆనవాలు కాస్తయినా మిగిలి ఉందంటే ఇలాంటి గోకుడూ బిగింపుల వల్లే.

గాలివాటం మనిషి అని మనం తిట్టుగా అంటాం. తెరచాప ఎరిగినవాడు ఆ తిట్టుకు నవ్వుకుంటాడు. గాలివాటున పోవడం పెద్ద విద్యేం కాదు. ఎదురుగాలికి అటో వంకర ఇటో వంకర వేస్తూ, చూసేవాళ్లకు దారి తప్పినట్టు కనిపిస్తూ ముందుకు పోవడమే విద్య. నలభై ఏళ్లు ఉద్యోగం చేసి, వాడక మానేసిన వీణను అటక మీంచి దించేవాళ్లదీ ఎదురుగాలి ప్రయాణమే. తంత్రులు తెగి ఉంటాయి, మెట్ల కింది మైనం కరిగి జారి ఉంటుంది. మేళం కట్టించాలంటే ఆ పని తెలిసినవాణ్ని వెతుక్కోవాలి. వారానికోసారి వేలు పెట్టి మీటి ఉంటే ఇంత ఖర్చయ్యేది కాదని ఆయన అంటాడు కూడా. అయినా దించండి.

పడవ బాగుపడినా, మనిషి బాగుపడినా నీళ్లు ఉండాలి కదా. బెంగళూరుకు ఒకప్పుడు పేరులోనైనా సముద్రం ఉండేది. ధర్మాంబుధి చెరువు. ఇప్పుడు అక్కడ మెజెస్టిక్ బస్టాండు. సంపంగి చెరువు ఉన్నచోట కంఠీరవ స్టేడియం. ఓడలు బండ్లు కావడమంటే ఇదే కాబోలు, చెరువులే బస్సులయ్యాయి. హలసూరు చెరువు మిగిలింది. మిగిలిందన్న మాటే గానీ 2016 మార్చిలో వేలాది చేపలు చచ్చి పైకి తేలడం ఊరంతా చూసింది. మురుగు చేరినప్పుడల్లా గుర్రపుడెక్క అల్లుకుంటుంది. ఆ కాడలు చుక్కానికి చుట్టుకుంటే ఎంత గాలి ఉన్నా పడవ కదలదు.

నగరపాలకులకు ఒక్క మనవి. ఈ ఏడు గుర్రపుడెక్క తీసే పని, మురుగు కాలువను చెరువులోకి రానివ్వకుండా మళ్లించే పని వానలకు ముందే చేయండి. ఆ డబ్బా పారేసుకున్న కుర్రాడికి మళ్లీ ఆదివారం పాఠం ఉంది.