పరుగులతోపాటు బంతులూ లెక్కపెట్టండి

ఆదివారం పొద్దున మైపాడు తీరానికి వెళితే ఇసుక గట్టిపడిన చోటల్లా క్రికెట్టే. వేగంగా వేసే కుర్రవాడు ఒక్కడుంటే చాలు, మధ్యాహ్నం దాకా బంతి అతని చేతిలోనే ఉంటుంది. పరుగులు అందరూ లెక్కపెడతారు గాని, అతడు ఎన్ని బంతులు వేశాడో ఎవరూ లెక్కపెట్టరు.

కొన్నేళ్ల క్రితం మా తొమ్మిదో తరగతిలో అలాంటి బౌలరు ఒకడుండేవాడు. "భుజం నొప్పి సార్" అంటే, "ఆటలో ఇవన్నీ మామూలేరా" అన్నాను. నెల తిరిగేసరికి బోర్డు మీద రాయడానికి కూడా చెయ్యెత్తలేకపోయాడు. మూడు నెలలు ఆట మానితేగాని నయం కాలేదు. సైన్సు చెప్పే నేను అలా అని ఉండకూడదు.

ఎందుకో చూడండి. ఎదిగే వయసులో పొడవైన ఎముకల చివర్ల దగ్గర మృదులాస్థి పొర ఒకటి ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. పెరుగుదల ఆగిన తరువాతే అది గట్టి ఎముకగా మారుతుంది. అంతవరకు దాని చుట్టూ ఉన్న సంధిబంధనాల కంటే అదే బలహీనం. ఒకే లాగుడు వందలసార్లు పడితే ముందుగా దెబ్బతినేది ఆ పొరే.

బేస్‌బాల్ ఆడే అమెరికాలో ఈ సంగతి ముందే బయటపడింది. బంతి విసిరే పిల్లలకు వచ్చే ఈ బాధకు 1960లోనే వైద్యులు 'లిటిల్ లీగ్ మోచేయి' అని పేరు పెట్టారు. 1974లో ఫ్రాంక్ జోబ్ అనే వైద్యుడు, టామీ జాన్ అనే ఆటగాని మోచేతిలో పాడైన సంధిబంధనం స్థానంలో రెండో చేతి నుంచి తీసిన స్నాయుబంధనాన్ని అమర్చాడు. అప్పుడు జాన్ వయసు 31. నేడు అదే శస్త్రచికిత్స హైస్కూలు పిల్లలకూ చేస్తున్నారు! లిటిల్ లీగ్ సంస్థ 2007 నుంచి బంతులకు హద్దు పెట్టింది. 11, 12 ఏళ్లవారు రోజుకు 85 బంతులకు మించి వేయరాదు. 66 వేసినా నాలుగు రోజులు విశ్రాంతి తప్పదు.

క్రికెట్‌లో చెయ్యి చాచి వేస్తాం, మనకేం భయం అనకండి. భుజానికి, నడుముకు భారం తప్పదు. జస్‌ప్రీత్ బుమ్రా నడుము ఎముకలో 2019లో సన్నని పగులు కనిపించింది. 2023లో నడుముకు శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. ఇక బౌండరీ నుంచి బంతి విసిరేటప్పుడు మోచేతికీ భారమే.

"ఎక్కువ వేస్తేనే వేగం వస్తుంది" అంటారు కొందరు. సాధన కావలసిందే. కాని అలసిన కండరం, ఎముక కోలుకునేది విశ్రాంతిలోనే. కనుక స్కోరు పుస్తకంలో ప్రతి బౌలరు పేరు పక్కన, సాధనలో వేసినవీ కలిపి, బంతుల లెక్క రాయండి. నొప్పి వస్తే ఆట ఆపి ఇంట్లో చెప్పండి, తగ్గకపోతే వైద్యునికి చూపించండి. చెప్పడానికి సిగ్గుపడకండి. మా బడిలో ఆ లెక్క ఇప్పుడు నేనే రాస్తున్నాను.