లెక్కలు కట్టే బాక్టీరియా, మన బెడ్‌పాన్‌లు



మూత్రం కల్చర్ రిపోర్టుల్లో తరచుగా కనిపించే పేరు ఈ.కోలై. దానికి చెందిన రకాలే మన అందరి పేగుల్లోనూ ఏ హానీ చేయకుండా బతుకుతుంటాయి. ఆ జీవి చేతనే శాస్త్రజ్ఞులు ఇప్పుడు కంప్యూటరు పని చేయిస్తున్నారు.

కంప్యూటరు లోపల జరిగేదంతా ‘అవును, కాదు’ అనే చిన్న చిన్న నిర్ణయాల గొలుసే. వార్డులో మార్ఫిన్ ఉంచే బీరువాకు రెండు తాళాలుంటాయి. రెండూ తీస్తేనే మందు బయటకు వస్తుంది. కంప్యూటరు వాళ్ళు దీన్నే ఆండ్ గేట్ అంటారు. బాక్టీరియాలో తాళాలకు బదులు జన్యువులు ఉంటాయి. రెండు రసాయనాలూ కలిసి తగిలితేనే అది మెరిసే ప్రోటీను తయారుచేస్తుంది, ఒక్కటే తగిలితే ఊరుకుంటుంది. 2011లో లండన్ ఇంపీరియల్ కాలేజీ వారు ఇలాంటి గేటు కట్టారు. అంతకు ముందే, 2000లో, అమెరికాలో బోస్టన్ విశ్వవిద్యాలయం వారు ఒకదాన్నొకటి అణచిపెట్టే రెండు జన్యువులతో స్విచ్చి చేశారు. అది మన ఫ్యాను స్విచ్చిలాంటిదే, వేస్తే తీసేదాకా అలాగే ఉంటుంది. 2024లో మన కలకత్తా సాహా ఇన్‌స్టిట్యూట్ వారి బాక్టీరియా 0 నుంచి 9 వరకు అంకెల్లో ఏవి ప్రధాన సంఖ్యలో చెప్పింది. మూడో ఎక్కం రాని పిల్లలకు ఈ మాట చెప్పకండి!

ఇవి కంప్యూటరుకు బదులు వస్తాయని ఎవరైనా అంటే మాత్రం నమ్మవద్దు. ప్రోటీను తయారు కావాలి కనుక ఒక్క జవాబుకే గంటలు పడుతుంది. దీని గొప్ప వేగంలో లేదు, యంత్రం చూడలేని దాన్ని పేగులో పసిగట్టడంలో ఉంది. 2018లో ఎం.ఐ.టి. వారు ఒకటిన్నర అంగుళాల మాత్రలో బాక్టీరియాను పెట్టి పందులకు ఇచ్చారు. కడుపులో రక్తం తగలగానే బాక్టీరియా వెలిగింది, మాత్రలోని చిన్న యంత్రం ఆ వెలుగును చూసి బయటకు కబురు పంపింది. ఎండోస్కోపీ గొట్టం చూడగానే వణికిపోయే పెద్దవాళ్ళను రోజూ చూసే మాకు ఇది చాలా ఆశ కలిగించింది.

అయితే నర్సులుగా మా ప్రశ్న వేరు. మాత్రలో మూసి ఉంచకుండా బాక్టీరియాను నేరుగా మింగిస్తే, అది మలంతో బయటకు వస్తుంది. బెడ్‌పాన్ కడిగేది మేమే. ఆ నీరు ఏ డ్రైనేజీలోకి, ఏ కాలవలోకి పోతుంది? కొత్త జన్యువు ఎక్కిందో లేదో తెలుసుకోవడానికి ప్రయోగశాలల్లో యాంటీబయాటిక్‌ను ఎదిరించే జన్యువును జతచేయడం మామూలు. బాక్టీరియా ఇలాంటి జన్యువులను పక్కవాటికి పంచిపెట్టగలదు. ఇప్పటికే మందులకు లొంగని ఇన్‌ఫెక్షన్లతో అవస్థపడుతున్నాము. పని కాగానే తనంతట తాను చచ్చిపోయే ఏర్పాటు బాక్టీరియాలో పెడుతున్నారు, మంచిదే. కానీ అనుకూలంగా ఉంటే అది ఇరవై నిమిషాలకు రెండవుతుంది. అన్ని కోట్లలో ఏ ఒక్కదానిలో ఆ ఏర్పాటు చెడినా, మిగిలేదీ పెరిగేదీ అదే.

అందుకే మా ఓటు మూసిన మాత్రకు. ఏనాడైనా ఇలాంటి పరీక్ష మన వార్డులకు వస్తే, సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి. ఆ మలాన్ని ఎలా శుద్ధి చేస్తారో, అది ఎక్కడికి పోతుందో అందులో రాసి ఉండాలి. అది లేనిదే ఆ మందు మా నర్సుల చేత ఇప్పించడానికి మేము ఒప్పుకోము.