కార్బన్ డయాక్సైడ్ పంటకు బువ్వ అంటున్నరు. మరి తాలు ఎందుకు పోతున్నట్టు?

మొన్న బాన్సువాడలో ఛాయ్ తాగుతుంటే ఒకాయన ఫోన్‌ల వీడియో చూపెట్టిండు. "కార్బన్ డయాక్సైడ్ చెట్టుకు బువ్వ. పెరిగితే పంటకే లాభం, కొయ్యకాళ్లు కాలబెట్టినా మంచిదే" అన్నడు. ఇది సగం నిజం. సగం నిజమే రైతును ఎక్కువ ముంచుతది.

నిజమెంత? ఆకు ఈ గ్యాసును, నీళ్లను ఎండతో కలిపి పిండి పదార్థం తయారు చేసుకుంటది. 1958లో హవాయిలో కొలత మొదలుపెట్టినప్పుడు 10 లక్షల పాళ్ల గాలిలో ఇది సుమారు 315 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది. దీంతో వరి, సోయా, కందికి కొంత లాభం ఉన్నది. మక్క, చెరుకు, జొన్నకు తక్కువ, ఎందుకంటే వాటి ఆకు ముందు నుంచే ఆ గ్యాసును లోపల కూడబెట్టుకుంటది.

వీడియోలో చెప్పనిది వినుండ్రి. అదే గ్యాసు భూమి వేడిని పోనియ్యదు. వరి పూత మీద 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని తాలు పోతది. రాత్రి వేడి 1 డిగ్రీ పెరిగితే ఎండకాలపు వరి దిగుబడి సుమారు 10 శాతం తగ్గిందని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల లెక్కలు 2004లోనే చెప్పినయి. గింజ వచ్చినా బలం తక్కువే. చైనా, జపాన్‌లో 18 రకాల వరిని ఎక్కువ కార్బన్ డయాక్సైడ్‌లో పెంచి చూస్తే మాంసకృత్తులు 10 శాతం, ఇనుము 8 శాతం, జింకు 5 శాతం దాకా తగ్గినయి. 2018లో వచ్చిన లెక్క ఇది.

ఇగ కొయ్యకాళ్ల సంగతి. ఆ పొగ మన మడి మీదనే ఆగదు, గాలిలో కలిసి పోతది. పంట గాలి నుంచి తీసుకున్నదే మళ్లీ గాలికి పోతది, కొత్తగా పెట్టే బువ్వ ఏం లేదు. పోయేది మన నత్రజని. టన్ను గడ్డి కాలిస్తే సుమారు 5.5 కిలోలు, అంటే 12 కిలోల యూరియా. ఎకరంలో రెండు టన్నుల గడ్డి కాలిస్తే సగం బస్తా అగ్గిపాలే. తర్వాత యూరియా కోసం లైన్ల చెప్పులు పెట్టేది మనమే.

నిజాంసాగర్ కింద మనం యాసంగి నాట్లు ముందుగాల ఎందుకేస్తం? ఎండలు, రాళ్లవాన రాకముందే పంట ఇంటికి చేరాలని. ఆ తెలివి మనకు ఏ వీడియో చెప్పలే. బొగ్గు కాల్చి సంపాదించేటోళ్లు పొగను బువ్వ అని చెప్పుకోనీ. తాలు గింజకు కాంటా మీద కోత పడేది మనకు. ఈసారి అగ్గిపుల్ల గీసే ముందు రోటవేటర్ కిరాయి ఎంతో అడిగి, సగం బస్తా యూరియా కూడా లెక్కలేసుకోండ్రి.