మాత్రల బానిసకు రిమాండు రోజే చికిత్స దారి చూపాలి



మత్తు కేసుల్లో దొరికినవాళ్లందరినీ జైల్లో పెట్టాల్సిందేనని చాలామంది అంటున్నారు. అమ్మేవాళ్ల విషయంలో నాదీ అదే మాట. కానీ డాక్టరు రాసిన మాత్రతో మొదలై, దానికే బానిసైనవాణ్ణి కోర్టు చికిత్సకు పంపాలి. ఆ మాట కేసు తేలాక కాదు, రిమాండు రోజే ఎత్తాలి.

మా తమ్ముడికి నిద్ర పట్టక డాక్టరు కొన్నాళ్లకని ఆల్ప్రజోలం రాశారు. మడతల దగ్గర చిరిగిన ఆ చీటీకే టేపు అంటించుకుని వాడు మందుల షాపుల చుట్టూ తిరిగాడు. ఆల్ప్రజోలం లాంటి షెడ్యూల్ హెచ్1 మందు అమ్మితే డాక్టరు, రోగి వివరాలు విడిగా రిజిస్టరులో రాయాలి. వీడికి మాత్రం పాత చీటీ మీదే షీట్లకు షీట్లు ఇచ్చారు. చివరికి ఆ షీట్లతోనే పోలీసులకు దొరికాడు. జైల్లో మాత్ర అందక ఫిట్స్ వచ్చాయి. ఈ మందును వైద్యుల పర్యవేక్షణలో మెల్లగా తగ్గిస్తూ మాన్పించాలి గానీ ఉన్నపళంగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది.

చట్టంలో దారి లేకపోలేదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 39వ సెక్షన్ ప్రకారం, వాడకం లేదా స్వల్ప పరిమాణం కేసులో దోషిగా తేలిన వ్యసనపరుణ్ణి, అతను ఒప్పుకుంటే, శిక్షకు బదులు బాండు మీద చికిత్సకు పంపవచ్చు. ఏడాదిలోపు ఫలితం కోర్టుకు చెప్పాలి. కానీ దోషిగా తేలేదెప్పుడు? అందుకే 64ఎ సెక్షన్ ముఖ్యం. అలాంటి కేసుల్లోనే, అభియోగం దశలోనే తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆస్పత్రిలో చేరి చికిత్స చేయించుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు.

బలవంతంగా మాన్పిస్తే మానతాడా అని అడుగుతారు. రెండు సెక్షన్లూ అతని ఇష్టం మీదే నడుస్తాయి. పైగా కోర్టు ద్వారా వెళ్తే అడిగేవాళ్లుంటారు. కొట్టి మాన్పిస్తామనే ప్రైవేటు కేంద్రాలకు వేలకు వేలు పోసే ఇళ్లకు అదే పెద్ద ఊరట.

ఇంకో చిక్కుంది. ఆల్ప్రజోలానికి స్వల్ప పరిమాణం అంటే 5 గ్రాములకు లోపు. హీరా సింగ్ కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, మందుతో పాటు అందులో కలిసిన పొడి బరువూ లెక్కే. మాత్ర 100 మిల్లీగ్రాములు తూగితే 50 మాత్రలకే ఆ హద్దు చేరినట్టు. అర మిల్లీగ్రాము మాత్రలైతే వాటిలో అసలు మందు 25 మిల్లీగ్రాములే! సొంతానికి వాడేవాడు అయిదు షీట్లు దాచుకోవడం వింతేమీ కాదు. అలాంటివాడికి ఈ రెండు తలుపులూ మూసుకుపోయే ప్రమాదముంది. పార్లమెంటు ఈ లెక్క సవరించాలి.

అంతవరకూ ఆగక్కర్లేని పనులూ ఉన్నాయి. న్యాయ సేవాధికార సంస్థ లాయరు రిమాండు రోజే 64ఎ గురించి నిందితుడికీ, ఇంటివాళ్లకూ తెలుగులో చెప్పాలి. గుర్తింపు పొందిన కేంద్రాల జాబితాను ప్రతి కోర్టు నోటీసు బోర్డు మీద పెట్టాలి. జైలుకు పంపక తప్పకపోతే, వాడుతున్న మాత్రల సంగతి జైలు డాక్టరుకు ఆ పూటే తెలియాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, జిల్లా జడ్జిగారి సర్క్యులర్ ఒకటి చాలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి