మొదటి బస్తా ఇంటికి

కూరగాయల గురించీ, నూనె గురించీ కళాశాల సావనీరులో రాయడమేమిటని నా మిత్రులిద్దరు నవ్వారు. కవిత రాయమన్నాడొకడు. 'విద్యార్థులు - రాజకీయాలు' అన్న శీర్షిక ఎప్పుడూ చెల్లుతుందన్నాడు ఇంకొకడు. ఆ శీర్షిక మీద రాసేవాళ్ళు ఎలాగూ వుంటారు. నేను బుడ్డలు పండించే ఇంట్లోంచి వచ్చినవాణ్ణి, రసాయన శాస్త్రం చదువుతున్నవాణ్ణి. ఈ రెండూ కలిసే చోటు, నాకు తెలిసినంతలో, వంటిల్లే. (బుడ్డలంటే వేరుశెనగ కాయలు. కోస్తా మిత్రులు మన్నించాలి. మా అనంతపురం వైపు మాట అంతే!)

నేను చెప్పదలచుకున్నది సూటిగానే చెప్తాను. ఒక కుటుంబం ఆరోగ్యంగా బతకాలంటే ఆకుకూరలు, కాయగూరలు కావాలి. వాటికి తోడుగా గింజలోంచి వచ్చిన నూనో, పాలలోంచి వచ్చిన నెయ్యో కొద్దిగా కావాలి. వాటిని పండించే ఇంటికి వాటి మీద మొదటి హక్కు వుండాలి. ఇవాళ జరుగుతున్నది తలకిందులు వ్యవహారం. బుడ్డలు లారీ ఎక్కిన సాయంత్రమే అంగడినుంచి పామోలిన్ ప్యాకెట్టు ఇంటికొస్తుంది. టమోటా గంపలు మార్కెట్టుకు పోతాయి, ఇంట్లో మాత్రం ఉత్త చారు, ఊరగాయ!

'ఆకుకూరలు తింటే కంటికి మంచిది' అని చిన్న బళ్ళో మనందరిచేతా వల్లె వేయించారు. నిజమే గానీ అది సగం నిజం. తోటకూరలో, మునగాకులో వున్న కెరోటిన్ మన ఒంట్లో విటమిన్ 'ఎ'గా మారుతుంది. అయితే కెరోటిన్ నీళ్ళలో కరగదు, కొవ్వులోనే కరుగుతుంది. పేగుల్లో పైత్యరసం కొవ్వును సన్నని బిందువులుగా విడగొట్టినప్పుడు, వాటితోపాటే అది ఒంటికి పడుతుంది. కొవ్వన్నది బొత్తిగా లేకపోతే ఆకులోని కెరోటిన్ చాలామటుకు వచ్చినదారినే పోతుంది. పూటకు నాలుగైదు గ్రాముల నూనె వుంటే చాలు, పని జరుగుతుంది. అంటే ఒక చెంచా! డి, ఇ, కె విటమిన్లకూ ఇదే సూత్రం. మన దేశంలో పసిపిల్లల అంధత్వాన్ని ఆపడానికి 1970లో ఒక పథకం మొదలుపెట్టారు. ఆరు నెలలకొకసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్ 'ఎ' పిల్లల నోట్లో పోశారు. ఆ మందును కూడా నూనెలో కలిపే ఇచ్చారు. దాని వెనుక పరిశోధన జరిగింది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలోనే.

మా జేజికి కెరోటిన్ పేరు తెలీదు. కానీ మునగాకు కూర బుడ్డల పొడి చల్లకుండా పొయ్యిమీదనుంచి దించదు. మటికాయల వేపుడు (మటికాయలంటే గోరుచిక్కుళ్ళు) నువ్వుల పొడి లేకుండా చేయడం ఎరగదు. సంక్రాంతికి సజ్జరొట్టె మీద నువ్వులద్దడం, సంగటి ముద్దలో గుంట చేసి నెయ్యి వేయడం, పక్కన ఊరిబిండి పెట్టడం - ఇవన్నీ రుచికోసమనే అనుకున్నాను, రెండో సంవత్సరం బయో-కెమిస్ట్రీ పాఠం వినేదాకా. అలాగని పూర్వకాలంలో అందరూ అమృతం తిన్నారని ఉపన్యాసాలిచ్చే పక్షం కాదు నాది. జేజి చిన్నతనంలో నూనె పండుగ సరుకు. మామూలు రోజుల్లో తాలింపు గరిటెకు అంటీ అంటనట్టు వుండేదట. కాబట్టి వెనక్కి పోదామని నేననడం లేదు.

అసలు 'నూనె' అన్న మాటలోనే నువ్వు వుంది. నువ్వు, నెయ్యి కలిసి నూనె అయింది. నువ్వుల నూనెను మనవాళ్ళు 'మంచినూనె' అన్నారు కూడా. ఆ మంచినూనె చేసిన మరో ఉపకారం మన సైన్సు విద్యార్థులకు నచ్చుతుంది. 1937లో మన దేశానికి డాల్డా వచ్చింది. ద్రవంగా వుండే నూనెలోకి నికెల్ ఉత్ప్రేరకం సమక్షంలో హైడ్రోజన్ వాయువును పంపి గడ్డకట్టించిన వనస్పతి అది. నెయ్యిలా కనిపిస్తుంది గనుక నెయ్యిలో కల్తీకి బాగా పనికొచ్చింది. అప్పుడు చట్టం ఏం చేసిందంటే, ప్రతి వనస్పతి డబ్బాలోనూ నూటికి 5 వంతులు నువ్వులనూనె తప్పనిసరిగా కలపాలన్నది. ఎందుకు? గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఫర్‌ఫ్యూరాల్ కలిపి గిలక్కొడితే నువ్వులనూనె గులాబీ ఎరుపు రంగు చూపిస్తుంది. నెయ్యిలో ఆ రంగు కనిపించిందా, వనస్పతి కలిసిందన్నమాటే. దీన్ని బౌడౌన్ పరీక్ష అంటారు. దొంగను పట్టడానికి దొంగ జేబులోనే గంట కట్టినట్టు! ఇక ఆ వనస్పతిలో పుట్టే ట్రాన్స్ కొవ్వులు గుండెకు చేటని తేలి, 2022 జనవరినుంచి వాటిని నూటికి 2 వంతులకు మించనివ్వరాదని మన దేశంలో నిబంధన వచ్చింది. ఎనభై అయిదేళ్ళు పట్టింది మరి.

ఇప్పుడు ఆ స్థానంలో కూర్చున్నది పామాయిల్. దేశంలో వాడే వంటనూనెలో సగానికి మించి దిగుమతి సరుకే, అందులో పెద్దవాటా ఇండోనీషియా, మలేషియాల పామాయిల్. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టాక కొన్నేళ్ళు మన గింజలతోనే దాదాపు సరిపెట్టుకోగలిగాం. 1990ల మధ్యలో దిగుమతులకు తలుపులు తీశాక కథ మొదటికొచ్చింది. 2013లో 'అమ్మహస్తం' పేరుతో చౌకడిపోల్లో ఇచ్చిన తొమ్మిది సరుకుల్లో పామోలిన్ కూడా ఒకటి. పేదవాడి బాణలిలోకి నూనె చుక్క తెచ్చినందుకు దాన్ని నేను తిట్టను. ఒక విచిత్రం మాత్రం చెప్పాలి. పామాయిల్ పుట్టుకతో ఎర్రగా వుంటుంది. ఆ ఎరుపు కెరోటినే! శుద్ధి పేరుతో మట్టితో విరంజనం చేసి, అధిక వేడిమీద ఆవిరి పట్టి, ఆ ఎరుపును పూర్తిగా పోగొట్టి, పచ్చటి నీళ్ళలాంటి నూనెను మనకిస్తారు. కంటిచూపు కాపాడే పదార్థాన్ని కంటికి ఇంపుగా లేదని తీసేశామన్నమాట.

ఇక్కడ నా తోటివాళ్ళకు ఒక మాట. 'రిఫైన్డు నూనె విషం, గానుగ నూనె అమృతం' అని ఈమధ్య సెల్‌ఫోన్లలో తెగ తిరుగుతోంది. సైన్సు చదివేవాళ్ళం ఈ మాట పట్టుకుని ఊరేగకూడదు. గానుగ నూనె అయినా గ్రాముకు 9 కేలరీలే, రిఫైన్డు అయినా అంతే. నెయ్యిలో సంతృప్త కొవ్వు సగం దాటుతుంది, కొబ్బరి నూనెలో నూటికి తొంభైకి పైనే. పామాయిల్లో దాదాపు సగం. వేరుశెనగ నూనెలో అయిదోవంతు లోపు. సహజమైనది గదా అని గరిటెలతో పోసుకోమని ఎవరూ చెప్పలేదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి వుంది, అదే నాచేత ఈ వ్యాసం రాయించింది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. ఆరా తీస్తే వాటి దాణాలో వేసిన వేరుశెనగ చెక్కలో బూజు దొరికింది. ఆ బూజు కక్కిన విషానికే అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కేన్సరుకు కారణమవుతుంది. వండితే పోదు. కాయ ఊరే దశలో వాన ముఖం చాటేసి నేల ఎండిన పొలంలో ఈ బూజు మరీ పడుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాకు వేరే చెప్పాలా! కాయను సరిగా ఎండబెట్టకుండా బస్తాలకెత్తినా పడుతుంది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ వాళ్ళు మా జిల్లా బుడ్డల మీద దీని గురించే పరిశోధనలు చేశారు.

మరి మా ఊళ్ళల్లో ఏం చేస్తాం? నిగనిగలాడే కాయ మండీకి. ముడతలుపడ్డవి, పుచ్చినవి, బూజువాసన వేసేవి - 'ఏం పోతుందిలే, నూనె ఆడించుకుందాం' అని ఇంటికి. రిఫైనరీలో అయితే క్షారంతో శుద్ధిచేసేటప్పుడు ఆ విషం పోతుంది. గానుగలో పోదు. చాలాభాగం చెక్కలో నిలిచి, కొంత నూనెలోకి దిగుతుంది. ఆ చెక్కను ఎనుముకు పెడతాం. విషం రూపు మార్చుకుని పాలలోకి వస్తుంది. పాలు పిల్లలకు పోస్తాం. మనం అమ్మిన సరుకుకు పట్నంలో నాణ్యత పరీక్షలుంటాయి, మన ఇంట్లో వుండిపోయిన సరుకుకు ఏ పరీక్షా లేదు. కాబట్టి గానుగ తిరిగి రావాలనేవాళ్ళు, ఆ గానుగలో ఏ గింజ పడుతుందో ముందు చూడాలి. మొదటి బస్తా, మంచి బస్తా ఇంటికి రావాలి. ఇదే నా వాదన.

ఎంత కావాలో లెక్కవేద్దాం. 2024లో పోషకాహార సంస్థ వెలువరించిన మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పళ్ళు 100 గ్రాములు అన్నారు. అయిదుగురున్న ఇంటికి ఏడాదికి నూనె 49 కిలోలు. మా ఊరి గానుగలో నూరు కిలోల పప్పుకు నలభై కిలోల దాకా నూనె దిగుతుంది. నూరు కిలోల కాయ ఒలిస్తే డెబ్భై కిలోల పప్పు. మొత్తంమీద 175 కిలోల కాయ, అంటే మా కొలతలో నాలుగు బస్తాల పైచిలుకు. ఇంట్లో పాడి వుండి నెయ్యి దొరికితే ఇంకా తక్కువ. మంచి పంట వచ్చిన ఏడు ఇది లెక్కలోకే రాదు. వాన ఎగ్గొట్టిన ఏడు ఎకరాకు ఆ నాలుగు బస్తాలే గగనం! ఆ ఏడు ప్యాకెట్టు తెచ్చుకోవలసిందే, అందులో నామోషీ లేదు.

కూరగాయల లెక్క ఇంతకన్నా సులువు. అయిదుగురికి రోజుకు రెండు కిలోలు. బోరు పక్కన అయిదు సెంట్ల నేల, జాలాడి నీళ్ళు పారే చోట రెండు మునగచెట్లు, ఒక నిమ్మచెట్టు, బుడ్డ చేనులో కంది సాళ్ళతోపాటు అలసంద, అనుములు. పాత రైతులు ఇవన్నీ వేసేవాళ్ళు. ఎకరాలకెకరాలు ఒకే పైరు వేయడం వచ్చాక సాళ్ళ మధ్య అలసందకు చోటు లేకుండా పోయింది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఒకప్పుడు ఏడు లక్షల హెక్టార్లకు పైగా బుడ్డలే వుండేవి. అంత పంట మధ్య బతుకుతూ తోటకూర కట్ట సంతలో కొనుక్కున్నాం.

ఇంకో లెక్క వుంది, అది ఏ మార్గదర్శకాల్లోనూ కనపడదు. కూర పైన తేలే నూనె ఎవరి పళ్ళెంలో పడుతుంది? మొదట కూర్చునేవాళ్ళ పళ్ళెంలో. మా అమ్మ వడ్డించుకునే వేళకు గిన్నెలో అడుగున పోపుగింజలు, రెండు మెతక ముక్కలు మిగులుతాయి. చాలా ఇళ్ళలో ఇంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత వుంది. దానికి కారణాలు అనేకం. నూనె చుక్కతో తీరేది కాదు. కానీ ఇంటికొచ్చిన మంచి బస్తా కూడా మగవాళ్ళ పళ్ళేల దగ్గరే ఆగిపోతే నా వాదనంతా దండగ. పసిబిడ్డ సంగతీ అంతే. దాని కడుపు చిన్నది, రెండు ముద్దలకే నిండుతుంది. ఆ రెండు ముద్దల పప్పన్నంలో చెంచా నెయ్యి పడితేనే దానికి కావలసిన శక్తి అందుతుంది.

మన హాస్టలు మెస్సు గురించి రాయమని మిత్రులు పట్టుబట్టారు. ఏం రాయను! సాంబారులో మునక్కాయ ముక్కను వెతకడం కూడా ఒక పరిశోధనే, దానికి మార్గదర్శకుడు కావాలి. విద్యార్థి సంఘం వాళ్ళు పండుగ భోజనం మీద పెట్టే శ్రద్ధలో పదోవంతు రోజూ కూరల మీద పెట్టి, కాచిన నూనెనే మళ్ళీమళ్ళీ కాచడం ఆపించగలిగితే, వచ్చే ఎన్నికల్లో నా ఓటు వాళ్ళకే.

ఈ వాదనంతా పోయిన సెలవుల్లో మా నాయన ముందు పెట్టాను. అంతా విని, "నువ్వు చెప్పేది బాగుందిరా. అయితే మొదటి బస్తా నాదంటాడు పురుగుమందు అంగడాయన. మొదటి బస్తా నాదంటాడు బ్యాంకాయన. కలుపు తీసిన కూలోళ్ళకు నేనే ఇయ్యాల. వీళ్ళందరి ఎనక మీ అమ్మ. ఈ వరస మార్చే లెక్క మీ పుస్తకంలో వుందా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఎకనామిక్సు మిత్రులెవరైనా వచ్చే సంవత్సరం సావనీరులో రాస్తే చదవాలని వుంది. నేను నాలుగు బస్తాలడిగాను. ఏరిన కాయ, బాగా ఎండిన కాయ రెండు బస్తాలు ముందే పక్కనపెట్టడానికి ఒప్పుకున్నాడు. మిగతా రెండూ కట్టె పీకి, కాయ చూసినాక మాట్లాడదామన్నాడు. అయిదు సెంట్లు మాత్రం అడగకుండానే అమ్మ కొలుచుకుంది. తోటకూర, చుక్కకూర విత్తనాలు జేజి దగ్గర మూటకట్టి వున్నాయట.