1996లో రెండు కాగితాలు వచ్చినయి, మేడారంలో అమలైంది ఒక్కటే



ప్రతి మేడారం జాతర ముందు ఒక డిమాండ్ లేస్తుంది: జాతీయ పండుగగా ప్రకటించాలి. ఎమ్మెల్యే అడుగుతడు, మంత్రి అడుగుతడు, ప్రతిపక్షంలో ఉన్నోళ్లు ఇంకా గట్టిగా అడుగుతరు. మన పిల్లలు కూడా ఆ పోస్టర్లు స్టేటస్ పెట్టుకుంటరు. జాతీయ పండుగ అనే వర్గమే లేదని కేంద్రం వైపు నుంచి జవాబు వచ్చినా డిమాండ్ ఆగలేదు. ఇప్పుడు యునెస్కో గుర్తింపు మాట కూడా తోడైంది.

అడగడం తప్పు కాదు. కానీ అడిగే ముందు ఒక లెక్క చూసుకోవాలె. మనకు ఇప్పటికే ఒక హోదా ఉంది. 1996 నుంచి సమ్మక్క సారలమ్మ జాతర రాష్ట్ర పండుగ. ఇన్నేండ్లలో ఆ హోదా ఎవరి చేతిలో ఏం పెట్టింది?

అదే 1996 డిసెంబరులో పార్లమెంటు పెసా చట్టం చేసింది. ఐదో షెడ్యూల్ ప్రాంతాల్లో ఆదివాసీల సంప్రదాయాలను, ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును, ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభదే అని ఆ చట్టం సెక్షన్ 4(డి) చెప్తుంది. మేడారం ఉన్న తాడ్వాయి మండలం షెడ్యూల్ ప్రాంతమే. అంటే ఒకే ఏడాదిలో రెండు కాగితాలు వచ్చినయి. ఒకటి జాతరను సర్కారు పండుగ చేసింది. ఇంకొకటి మన ఆచారం మీద మన ఊరికే అధికారం ఇచ్చింది. మొదటి కాగితానికి అధికారులు, బడ్జెట్లు, ఫ్లెక్సీలు అన్నీ వచ్చినయి. రెండో కాగితానికి రూల్స్ రావడానికే 2011 దాకా పట్టింది. ఆ రూల్స్ వచ్చినంక కూడా జాతర ఏర్పాట్ల మీద ఆఖరి మాట గ్రామసభదైందా? మేడారం పోయి ఎవర్నైనా అడగండి.

అసలు ఈ జాతర దేని గురించి? మన పెద్దలు చెప్పే కథ అందరికీ తెలుసు. కరువొచ్చింది, పంట పోయింది, కప్పం కట్టలేమన్నరు. కాకతీయుల సైన్యం అడవి మీదికొచ్చింది. పగిడిద్దరాజు పడ్డడు, సారలమ్మ పడ్డది, జంపన్న నెత్తురుతో సంపెంగ వాగు జంపన్న వాగైంది. సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి కుంకుమ భరిణె అయింది. విగ్రహం లేదు, మంత్రం లేదు. వెదురు కర్ర, కుంకుమ భరిణె, కోయ వడ్డెలు, అంతే. రాజుకు కప్పం కట్టనన్న తల్లి పండుగ ఇది.

ఇవ్వాళ ఆ తల్లి గుట్ట దిగి వస్తుంటే జిల్లా ఎస్పీ గాలిలోకి తుపాకీ పేల్చి అధికార లాంఛనాలతో స్వాగతం చెప్తడు. హుండీలు హన్మకొండలో టీటీడీ కల్యాణ మండపానికి పోతయి, అక్కడ లెక్కపెడతరు. 2024లో ఆ లెక్క 12 కోట్లు దాటింది. వడ్డెలకు మూడో వంతు, మిగతాది దేవాదాయ శాఖకు. తలనీలాలకు టెండర్, కొబ్బరికాయలకు టెండర్, బెల్లానికి టెండర్. కప్పం కట్టనన్న తల్లి దగ్గర వసూలు ఎట్ల నడుస్తుందో చూడండి!

హోదాతో మంచి జరగలేదా అంటే జరిగింది, కాదనలేం. రోడ్లు పడ్డయి, బస్సులు వచ్చినయి, జంపన్న వాగు మీద వంతెన వచ్చింది, నీళ్లు, మరుగుదొడ్లు, దవాఖాన క్యాంపులు వచ్చినయి. కోటి మందికి పైగా వస్తరని సర్కారే చెప్తుంది. అంత జనాన్ని ఒక చిన్న ఊరు ఒంటరిగా మొయ్యలేదు. సర్కారు రోడ్డు వెయ్యాలె, నీళ్లియ్యాలె, తొక్కిసలాట కాకుండా చూడాలె. అది దాని బాధ్యత. దాని కోసం జాతర పెత్తనం ఇయ్యాల్సిన పని లేదు. మన ఇంట్ల పెండ్లికి టెంటు వేసినోడు పెండ్లి పెద్ద అయితడా?

2025లో గద్దెల ప్రాంగణాన్ని రాతితో కొత్తగా కట్టే పని మొదలైంది. కోయ గుర్తులు చెక్కిస్తమన్నరు, పూజారులను అడిగే చేస్తున్నమన్నరు. పూజారులను అడగడం మంచి మర్యాదే. కానీ గ్రామసభ తీర్మానం మర్యాద కోసం కాదు, చట్టం కోసం. రేపు ఇంకో ప్రభుత్వం వచ్చి ఇంకో ప్లాన్ తెస్తే మన చేతిలో ఉండేది ఆ తీర్మానం ఒక్కటే.

ఇంకో సంగతి. పండుగను గుర్తించడం వేరు, పండుగ చేసుకునే మనిషిని గుర్తించడం వేరు. 2017 సెప్టెంబరులో ఇదే తాడ్వాయి మండలం జలగలంచలో గుత్తికోయల ఇండ్లను అటవీ శాఖ కూల్చేసింది. వాళ్లు కోయతూర్లు కాదా? వాళ్లు మొక్కే అడవితల్లి వేరేనా? జాతరకు హెలికాప్టర్ దిగే మండలంలోనే కోయోని గుడిసె మీదికి జేసీబీ వచ్చింది. హోదా పండుగకు వచ్చింది. మనిషి దాకా రాలేదు.

మన ములుగు జిల్లాలోనే పాలంపేటలో రామప్ప గుడి ఉంది. కాకతీయుల కాలంలో, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిండు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. గొప్ప శిల్పం, కాపాడుకోవాల్సిందే. కానీ గుడికి హోదా ఇస్తే రాయి రాయిగానే ఉంటది. జాతర రాయి కాదు. దాన్ని చేసే మనుషుల భూమి, భాష, అడవి, నిర్ణయం పోతే మిగిలేది నాలుగు రోజుల జనం, నలభై రోజుల చెత్త.

యునెస్కో జీవ సంస్కృతి జాబితా కూడా ఉంది. కలకత్తా దుర్గాపూజ 2021లో, గుజరాత్ గర్బా 2023లో అందులో చేరినయి. ఆ జాబితాకు ఒక షరతుంది: ఆ సంప్రదాయం ఎవరిదో ఆ సమూహం ముందుగా, ఇష్టంతో, అంతా తెలిసి ఒప్పుకోవాలె. రేపు మేడారం ఫైలు కదిలితే ఆ ఒప్పుకోలు మీద సంతకం ఎవరిది? దేవాదాయ శాఖ అధికారిదా? ప్రభుత్వం నియమించిన కమిటీదా? మేడారం, కన్నెపల్లి, కొండాయి, పునుగొండ్ల గ్రామసభలదా? ముందు ఇది తేలాలె.

వేరే దారి ఉండదా అంటే ఆదిలాబాద్ వైపు చూడండి. కేస్లాపూర్ నాగోబా గుడిని మెస్రం వంశం తమ సొంత చందాలతో కట్టుకుంది. గోదావరి నీళ్లు కాలినడకన తెచ్చేది వాళ్లే, కొత్త కోడళ్ల భేటింగ్ జరిపేది వాళ్లే. అక్కడి దర్బార్ కుమ్రం భీము అమరుడైనంక 1940లలో మొదలైంది. సర్కారు జాతర నడపడానికి కాదు, గోండుల గోస వినడానికి రావాలె అనేది దాని అర్థం. ఆ అర్థం ఇవ్వాళ ఎంత పలచబడిందో వేరే మాట. కానీ సర్కారు కూర్చోవాల్సిన చోటు ఏదో ఆ దర్బార్ చూపించింది.

కాబట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ, హోదా పోస్టర్ షేర్ చేసే ముందు ఈ నాలుగు మాటలు దానికింద రాయండి.

జాతర కమిటీని సర్కారు నియమించుడు బంద్ కావాలె, గ్రామసభలు ఎన్నుకోవాలె.

గద్దెలు, చిలకలగుట్ట, జంపన్న వాగు దగ్గర ఏ కట్టడమైనా గ్రామసభ తీర్మానం తర్వాతే.

హుండీ, టెండర్ల లెక్క మేడారంలోనే, ఊరి ముందు, మన భాషలో చదవాలె. టెండరు మనోని పేరు మీద ఉన్నా పెట్టుబడి ఎవరిదో తేలాలె. 1/70 చట్టం జాతర నాలుగు రోజులు సెలవు తీసుకోదు.

జాతరకు పొలాలిచ్చిన రైతుకు పరిహారం, అడవిలో ఉన్న కోయలకు పట్టా.

ఈ నాలుగూ ఇచ్చినంక ఏ హోదా ఇచ్చినా తీసుకుందాం. ఇవి లేకుండా ఇచ్చేది ఎంత పెద్ద హోదా అయినా, మన తల్లి మీద ఇంకో శాఖ బోర్డే.

రాబోయే గ్రామసభలో ఈ తీర్మానం పెట్టండి. సర్పంచ్ వద్దంటే సెక్షన్ 4(డి) చదివి వినిపించండి. పెసా చట్టం కాపీ ఫోన్లో పెట్టుకోండి, జాతర ఫోటోల పక్కనే.

మావ నాటే మావ రాజ్!