పేరుకి పచ్చదనం, బతుకేమో ఎండుటాకు

పెద్ద కంపెనీల వాళ్ళు ఈమధ్య ఒక మాట పట్టుకున్నారు: హరిత మానవ వనరుల విధానం. మాట బరువే గాని సంగతి తేలిక. పనిలోకి తీసుకోవడం, తర్ఫీదు, జీతం, ప్రమోషను, అన్నిటినీ పర్యావరణాన్ని కాపాడే పనితో ముడిపెడితే సంస్థ పదికాలాలు నిలబడుతుందట. నిజమే. మరి ఆ మాటని మన వాడల్లోంచి చూస్తే ఏం కనిపిస్తుంది?

అన్నవరం సంగతే తీసుకోండి. కొండమీది ప్రసాదం అడ్డాకులో కట్టి ఇస్తారు. మట్టిలో కలిసిపోయే ఆకు, మంచిదే. ఆ ఆకు వెనక అడవిలో దాన్ని కోసుకొచ్చే గిరిజనుల కష్టం వుంది. యాత్రికులు పారేసిన సీసాలూ కవర్లూ ఎత్తే చేతులు ఇంకొకరివి. గుడైనా, పంచాయతీ అయినా, మునిసిపాలిటీ అయినా మన గోదావరి జిల్లాల్లో చీపురు ఎక్కువగా ఎవరి చేతిలో వుందో వేరే చెప్పాలా? రెల్లి, మాదిగ, మాల. ఉద్యోగ ప్రకటన పడకముందే కులం ఆ పని కేటాయించేసింది.

పంచాయతీల్లో చెత్త ఎత్తేవాళ్ళకి 'గ్రీన్ అంబాసిడర్లు' అని పేరు పెట్టారు. 2021 అక్టోబరు 2న క్లాప్ పథకం వచ్చాక 'క్లాప్ మిత్రలు' అన్నారు. పేర్లు మారాయి గాని, చాలాచోట్ల నెలల తరబడి జీతం అందక ఆ రాయబారులే రోడ్డెక్కాల్సి వచ్చింది. రాయబారికి సభలో పీట వేస్తారు గదా, మన రాయబారికి పంచాయతీ ఆఫీసులో కుర్చీ వుందా?

చెత్త పనివాళ్ళకి చేతి తొడుగులు, మాస్కులు, బూట్లు, వానకోట్లు ఇవ్వాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలే చెప్పాయి. అవి ఎంతమందికి చేరాయో మీ వూళ్ళో మీరే లెక్క తీయండి.

2023 డిసెంబరు 26న రాష్ట్రంలో మునిసిపల్ కార్మికులు సమ్మెకి దిగారు. జనవరి దాకా పట్నాలు ముక్కు మూసుకున్నాయి. సంస్థ దేనిమీద నిలబడుతుందో ఆ రోజులే చెప్పాయి.

తడి చెత్త, పొడి చెత్త వేరు చెయ్యడం, ఎరువు పులియబెట్టడం ఒక విద్య. కాంట్రాక్టరు మారినప్పుడల్లా మనిషిని మార్చేస్తే ఆ విద్య గాల్లో కలుస్తుంది, షెడ్డు మూతపడుతుంది. పర్మినెంటు చెయ్యమనేది అందుకే. అది దయ కాదు, సంస్థకే అవసరం.

"ఈ పని మనం మానేస్తేనే విముక్తి" అని మన కుర్రాళ్ళు అంటున్నారు. ఆ కోపం న్యాయమైనదే. కులం మెడకి కట్టిన పని కాబట్టే దాని విలువ తగ్గించారు. జీతం, గౌరవం పెరిగితే అన్ని కులాలవాళ్ళూ చీపురు పడతారు. అప్పుడే అది కులవృత్తి కాకుండా ఉద్యోగమవుతుంది.

కాబట్టి రాబోయే గ్రామసభలో నాలుగు అడగండి. నెల మొదట్లో జీతం. చేతికి తొడుగు, కాలికి బూటు. తర్ఫీదు పొందినవాళ్ళకి సూపర్‌వైజరు పోస్టు. చెత్త ప్రణాళిక రాసేటప్పుడు చెత్త ఎత్తేవాళ్ళకి చోటు. ఇవి లేని పచ్చదనం పాత వెట్టికి పూసిన పచ్చరంగే.

జై భీమ్!